కడుపు చిన్నది చేయు విధానము

కావలసినవి: 112 కిలోల ఆడమనిషి ఒకరు. బంధువులు తగినంత. పాత డైట్ కాగితాలు ఒక ఫైలు. ఆరోగ్య బీమా పాలసీ ఒకటి, అది లేకపోతే నాలుగు జతల గాజులు. జుట్టు కాస్త ఒత్తుగా ఉన్నవారైతే మేలు, ఎందుకో తర్వాత చెబుతాను.

పట్టే సమయం: ఆపరేషన్‌కి గంటన్నర. దానికి ముందు 22 ఏళ్లు.

ముందుగా మనిషిని సలహాల్లో బాగా నానబెట్టాలి. ఇందుకు మీరేమీ శ్రమపడక్కర్లేదు, ఏదైనా పెళ్లికెళ్లి ఫ్యాను కింద కూర్చుంటే చాలు. "బాగా ఒళ్లు చేశావేమే!" అంటూ పెద్దత్తయ్య వచ్చేస్తుంది. ఈ మాటను శ్రద్ధగా వినండి. మనకు జ్వరం వస్తుంది, షుగరు వస్తుంది, మోకాళ్ల నొప్పులు వస్తాయి. ఒళ్లు మాత్రం మనం చేస్తాం, అరిసెలు చేసినట్టు. "ఒళ్లొచ్చింది" అనేవాళ్లూ అక్కడక్కడా ఉన్నారు. దొరికితే వదులుకోకండి.

ఆ పెద్దత్తయ్యే అరగంట తర్వాత బంతిలో మీ విస్తట్లో రెండో బొబ్బట్టు వేసి పైన నెయ్యి కూడా పోస్తుంది. వద్దంటే "మా దగ్గరా డైటింగు?" తింటే "అందుకే మరి." నేను కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, సగం తుంచి తిని సగం వదిలెయ్యడం. అప్పుడు రెండు మాటలూ సగం సగం పడతాయి.

మా మావయ్య ఒకాయన నేను పదో తరగతిలో ఉండగా ఒక జోకు వేశాడు. "దీని బరువు తెలియాలంటే హైవే మీద ధర్మకాటాకి తోలుకెళ్లాలి" అని. ఆ తర్వాత ప్రతి సంక్రాంతికీ వేసేవాడు. అందరికంటే ముందు మీరే నవ్వడం అలవాటు చేసుకోండి. సన్నటి మనిషి నవ్వకపోతే ఏదో ఆలోచనలో ఉందనుకుంటారు, లావుపాటి మనిషి నవ్వకపోతే పొగరంటారు.

ఇక ఫైలు. ప్రతి డైటుకీ ఒక కాగితం దాచండి. నా ఫైల్లో తేనె-నిమ్మరసం ఉంది. ఉప్పూ నూనే లేని కూరలు ఉన్నాయి. ఒక ఏడాది రాష్ట్రమంతా కొబ్బరినూనె తాగింది, నేనూ తాగాను. ఉలవలు తినమన్నారు. "గుర్రాలు ఉలవలే తింటాయి, ఏ గుర్రానికైనా పొట్ట చూశావా?" అన్నారు. నిజమే, చూడలేదు. కానీ బెజవాడలో ఉలవచారులో మీగడ వేసుకుని తింటాం, గుర్రాలకు ఆ సౌకర్యం లేదు.

ఈ డైట్లు పనిచెయ్యలేదని నేననను. అన్నీ పనిచేశాయి. ఎనిమిది కిలోలు తగ్గేదాన్ని, ఆర్నెల్లలో పదకొండు పెరిగేదాన్ని. బరువు తగ్గినప్పుడల్లా ఒళ్లు పొదుపు మొదలుపెడుతుందట. ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది, పాత బరువు చేరేదాకా ఊరుకోదు. ఈ సంగతి ఒక డాక్టరు తాపీగా బొమ్మ గీసి చెప్పేదాకా అది నా దొంగబుద్ధి అనుకున్నాను. రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు చప్పుడు కాకుండా తెరిచే విద్య నాకు బాగా వచ్చు మరి.

ఆ డాక్టరే బీఎంఐ లెక్క కట్టాడు. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తారు, కిలోలూ మీటర్లలో. ఐదడుగుల రెండంగుళాలకు నాది 45 వచ్చింది. ఈ సూత్రం 1830లలో బెల్జియంలో క్వెట్లే అనే ఖగోళ శాస్త్రవేత్త కట్టాడట. నక్షత్రాలు చూసేవాడికి నా బరువుతో పనేమిటో అనుకున్నాను గానీ, మా నాయనమ్మ కూడా నా లావుకి గ్రహాలే కారణమనేది.

బీఎంఐ తెలిశాక పాలసీ కాగితాలు చదవండి. ఇది పాకం పట్టే దశ, చెయ్యి వణక్కూడదు. బీమా నియమాల ప్రకారం బీఎంఐ కనీసం 40 ఉండాలి. లేదా కనీసం 35 ఉండి, దానికి తోడు గుండెజబ్బో, నిద్రలో ఊపిరి ఆగే జబ్బో, మాట వినని షుగరో ఉండాలి. పైగా అంతకుముందు చిన్న మార్గాలన్నీ విఫలమై ఉండాలి. ఆసియావాళ్లకు 27.5 నుంచే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. పాలసీ అంత తొందరపడదు. కాబట్టి అతిగా కష్టపడి 98 కిలోలకి దిగకండి, 40 గీత కిందికి జారిపోతారు. 22 ఏళ్లలో మొదటిసారి నా ఓటములన్నీ జిరాక్స్ తీయించి, వరసగా పిన్ను కొట్టి, ఒకాయన చేతిలో పెట్టాను. ఆయన ప్రతి పేజీ మీదా ముద్ర వేశాడు. అంత గౌరవంగా వాటిని ఎవరూ చూడలేదు.

ఇంట్లో చెప్పాలా వద్దా? చెబితే "షార్ట్‌కట్టా?" అంటారు. కొవ్వు పీల్చే లైపోసక్షనూ ఇదీ ఒకటే అనుకుని, అది చేయించుకుని ఎవరెవరు పోయారో ఏకరువు పెడతారు. నా సలహా: సంచి తీయించుకుంటున్నానని చెప్పండి. గర్భసంచి తీయించుకోవడంలో దేశంలో మన రెండు తెలుగు రాష్ట్రాలే ముందున్నాయి. ముప్ఫై అయిదేళ్లకి తీయించుకున్నా ఎందుకని ఎవరూ అడగరు, హార్లిక్స్ సీసా పట్టుకుని పలకరించడానికి వచ్చేస్తారు. ఏ సంచి అన్నది మీరు చెప్పనక్కర్లేదు. అబద్ధం కూడా కాదు.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ప్రొటీన్ పొడి, మజ్జిగ, చప్పిడి సూపులు. పెద్దదైన కాలేయం కాస్త కుదించుకుంటే సర్జన్‌కి దాన్ని పైకెత్తి కింద పని చేసుకోవడానికి వీలవుతుంది. ఆ రెండు వారాలు మొదలయ్యే ముందు రోజు ఏం చెయ్యకూడదో చెబుతాను: వీడ్కోలు యాత్ర. నేను పొద్దున్నే బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాను, పదకొండింటికి పెసరట్టు ఉప్మా, మధ్యాహ్నం ఇంట్లో గోంగూర మాంసం, సాయంత్రం బండి దగ్గర పునుగులు. ప్రతిదాని దగ్గరా కాసేపు ఆగి చూసుకున్నాను, అమెరికా వెళ్లేవాళ్లు ఎయిర్‌పోర్టులో చూసుకున్నట్టు. పునుగుల బండతను చట్నీ ఇంకాస్త వేసి "రేపు వేడిగా వేస్తానమ్మా, రండి" అన్నాడు. అతనికి ఏమీ చెప్పలేకపోయాను.

ఇక అసలు వంట. హైదరాబాద్‌లో చేశారు. పొట్ట మీద ఐదు చిన్న రంధ్రాలు పెట్టి, లోపల జీర్ణాశయాన్ని నిలువునా స్టేప్లర్ కొడుతూ కోసి, దాదాపు 80 శాతం తీసేస్తారు. దీన్ని స్లీవ్ అంటారు. మిగిలేది అరటిపండంత గొట్టం అని సర్జన్ చెబితే మా అమ్మ "చక్రకేళా, అమృతపాణా?" అని అడిగింది. ఆయన హైదరాబాద్‌లో పెరిగిన మనిషి, తెల్లబోయాడు. కోసిన ముక్కను ట్రేలో పెట్టి బయట కూర్చున్న మా తమ్ముడికి చూపించారట. వాడు ఆరోజు నుంచి బోటీ ముట్టలేదు. నా ఆపరేషన్ వల్ల బరువు తగ్గినవాళ్లలో వాడు రెండోవాడు.

అదే సాయంత్రం లేపి నడిపిస్తారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. మూడు బంతులున్న ప్లాస్టిక్ బొమ్మ ఒకటిచ్చి గాలి పీల్చమంటారు. మంచినీళ్లు 30 మిల్లీలీటర్ల చిన్న కప్పుతో, గుటక గుటకగా. మొదట పల్చటి ద్రవాలు, తర్వాత పప్పుకట్టు, తర్వాత మిక్సీలో వేసినవి, ఆ తర్వాత మెత్తటివి. ఆరో వారంలో అమ్మ గిన్నెలో రెండు చెంచాల మెత్తటి అన్నం, పెరుగు కలిపి తెచ్చింది. 43 ఏళ్లకు నాకు రెండో అన్నప్రాసన. ముందు పెన్నూ పుస్తకమూ పెట్టలేదన్నమాటే గానీ పక్కన మాత్రలు వరసగా పెట్టింది: ఐరన్, కాల్షియం, బి12, డి విటమిన్. ఇవి ఆరు నెలలు కాదు, జీవితాంతం. పిత్తాశయంలో రాళ్లు రాకుండా వేసేది మాత్రం ఆరు నెలలే.

ఇక్కడ వంట పుస్తకాల్లో రాయని సంగతి ఒకటుంది. జీర్ణాశయం పైభాగంలో గ్రెలిన్ అనే హార్మోన్ తయారవుతుంది. ఆకలి వేయించేది అదే. కోసేసిన ముక్కతోపాటు అందులో చాలాభాగం పోతుంది. రెండో నెలలో ఒక పొద్దున వంటింట్లో పులిహోర పోపు వేస్తున్నాను. ఇంగువ, ఎండుమిరప, వేరుశనగ గుళ్లు, అన్నీ వేగుతున్నాయి. వాసన తెలుస్తోంది, బాగుంది, అంతే. లోపల ఎవరూ పిలవడం లేదు. స్టవ్ ఆపేసి అలా నిలబడ్డాను. 22 ఏళ్లు నేను నోరు కట్టుకోలేని మనిషిని. పెద్దత్తయ్య అంది, మావయ్య అన్నాడు, అందరికంటే ఎక్కువసార్లు నేనే అనుకున్నాను. ఆ నోరు అలాగే ఉంది, దాన్నెవరూ కట్టలేదు. కోసింది వేరేచోట.

వడ్డించేటప్పుడు జాగ్రత్తలు: తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. ఒక్క ముద్ద ఎక్కువైతే అది ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించగలరు. పడుకుంటే గొంతులోకి పులుపు తన్నుకొస్తుంది, దిండ్లు పెంచండి. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది. బాత్రూం జాలీ మీద చూసి భయపడకండి, మళ్లీ వస్తుంది. ఎవరైనా అడిగితే తిరుపతి వెళ్లొచ్చానని చెప్పండి. పూర్తిగా ఇవ్వలేదేం అని అడిగితే మూడు కత్తెర్లేనని చెప్పండి. పొట్ట చర్మం వదులై మడతలు పడుతుంది. చీర కుచ్చిళ్లు దాన్ని కప్పేస్తాయి, చీర కనిపెట్టినవాళ్లు గొప్పవాళ్లు.

ఏడాదికి 78 కిలోలు. చార్టు ప్రకారం ఇప్పటికీ ఊబకాయమే. మొన్న పెళ్లిలో పెద్దత్తయ్య నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకుని, గడ్డం పట్టుకుని, "మొహం పీక్కుపోయిందే, చిక్కి శల్యమైపోయావ్. ఏమన్నా జబ్బా?" అంది. పక్కనున్నావిడ చెవిలో "సంచి తీశాక ఇంతే" అని చెప్పడం కూడా వినిపించింది. ధర్మకాటా మావయ్య నన్ను చూసి నోరు తెరిచాడు, ఏమీ దొరక్క మూశాడు. పాపం, అంత పాత జోకు.

చివరగా టైలరు. పదిహేనేళ్లుగా చీరలో వచ్చిన జాకెట్టు ముక్క నాకు చాలేది కాదు, మ్యాచింగ్ సెంటర్లో మీటరు గుడ్డ విడిగా కొనేదాన్ని. మొన్న కొత్త చీర పట్టుకెళ్తే అతను టేపు వేసి, పుస్తకంలో పాత కొలత చూసి, మళ్లీ టేపు వేశాడు. ఇందులో వచ్చిన ముక్కే చాలుతుంది, ఇంకా మిగులుతుంది అన్నాడు.

రెండు మూడేళ్లకు కొంత బరువు తిరిగి రావడం మామూలేనని డాక్టరు మొదటే చెప్పి ఉన్నాడు.

"మిగిలింది కత్తిరించెయ్యనా అమ్మా, లోపల వదిలి కుట్టనా?" అని అడిగాడు టైలరు, సుద్దముక్క పట్టుకుని.

రెండు పక్కలా రెండేసి అంగుళాలు వదలమన్నాను.