పగతు పన్నూడకుండుటే: ఒక నురుగు డాలు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

పలక గోసి యంచున జుట్టి పరుపు మెత్త
జిగురు రాసి యారగ వేచి చేర్చి నొక్కి
బట్ట కప్పి పట్టీ వేసి భటుడు దాల్ప
పగతు పన్నూడకుండుటే పరమ ఫలము

అవతారిక

ఛందస్సు తేటగీతి. కవి ఎవరో, ఏ కాలంవాడో తెలియదు. కవీ వ్యాఖ్యాతా ఒకే కుర్చీలో కూర్చుని రాశారని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్లకు జవాబు చెప్పే ఆచారం వ్యాఖ్యాతలకు లేదు. మెదక్ సీమలోని కొలిచెలమవాడు మల్లినాథసూరి మహాకావ్యాలకు వ్యాఖ్యలు రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ముందు రఘువంశం ఉంది. మన ముందు ప్లైవుడ్ ముక్క ఉంది. కనుక ఒట్టులో మొదటి సగం పాటిస్తాం, రెండో సగానికి పూచీ లేదు.

సందర్భం ఇది. అమెరికాలో సెలవు రోజున పార్కు గడ్డి మీద కొందరు పెద్దవాళ్లు నురుగు చుట్టిన కత్తులూ బల్లేలూ పట్టుకుని యుద్ధం చేసుకుంటారు. ఈ సంప్రదాయాల్లో డాగోర్‌హిర్ 1977లో మేరీలాండ్‌లో పుట్టింది. పేరు టోల్కీన్ కల్పించిన ఎల్ఫుల భాషలోది, యుద్ధప్రభువులని అర్థం. ఆమ్ట్‌గార్డ్ 1983లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో పుట్టింది. బెలెగార్త్ డాగోర్‌హిర్ నుంచి చీలిన శాఖ. శాఖాభేదం లేని మతం ఎక్కడుంది గనక? వీరందరికంటే ముందు, 1966లో బర్క్‌లీలో మొదలైన ఎస్.సి.ఏ. అనే సంఘం వారు పేముబెత్తాలతో నిజంగానే బాదుకుంటారు. అందుకు తగ్గట్టు ఇనప టోపీ, కవచం తొడుక్కుంటారు. నురుగువారిలో చాలామంది కవచం లేకుండా ఒట్టి బట్టలతోనే దిగుతారు. అక్కడ రక్షణ దెబ్బ తినేవాడి ఒంటి మీద ఉంటుంది, ఇక్కడ దెబ్బ కొట్టే వస్తువు మీద ఉంటుంది. పద్యమంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

అప్పుడే కోసిన చెక్కను చంకన పెట్టుకొచ్చి "ఇది చాలదా?" అన్న కొత్త భటుడికి, పళ్లు మిగిలిన పాత భటుడు చెప్పిన జవాబుగా దీన్ని అన్వయించుకోవాలి.

టీక

పలక = డాలుకు ఎముకగా ఉండే గట్టి బద్దను. ఈ ఒక్క పదం దగ్గర వ్యాఖ్యాతలు మూడు పక్షాలుగా చీలారు. మొదటిది ప్లైవుడ్ పక్షం. పావు అంగుళం మందం చాలు, 30 అంగుళాల గుండ్రని పలక సుమారు కిలోన్నర తూగుతుంది అంటారు వీరు. వీరికి పురాతన ప్రమాణం కూడా ఉంది. సిరియాలోని డ్యూరా యూరోపస్ తవ్వకాల్లో బయటపడి ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉన్న 3వ శతాబ్దపు రోమన్ డాలు, పలచటి చెక్క బద్దలను మూడు పొరలుగా అంటించి చేసిందే. అంటే ప్లైవుడ్డే. దాని మందమూ ఇంచుమించు పావు అంగుళమే. ఇంత గట్టి ప్రమాణం చేతిలో ఉండి కూడా ఈ పక్షం వాళ్లు మధ్యాహ్నానికల్లా భుజం పట్టుకుని చెట్టు కింద కూలబడతారు.

రెండోది ప్లాస్టిక్ పక్షం. ఎన్నికల్లో ఇళ్ల ముందు గుచ్చే బోర్డుల కోసం వాడే గాడులున్న ప్లాస్టిక్ షీటును, గాడులు అడ్డం నిలువు వచ్చేట్టు రెండు పొరలుగా అంటిస్తే తేలిగ్గా ఉంటుంది, వానకు నానదు. ఓడిపోయిన అభ్యర్థి బోర్డుకు ఇంతకంటే గౌరవమైన పదవి దొరకదు. మూడోది బండి పక్షం. మంచు మీద పిల్లలు జారే గుండ్రని ప్లాస్టిక్ పళ్లెం తెచ్చి, కోత కూడా అక్కర్లేదంటారు. కానీ మూలంలో "గోసి" అని స్పష్టంగా ఉంది. కోయనిది పలక కాదు. ఈ పక్షం వ్యాకరణరీత్యా నిలవదు, మైదానంలో మాత్రం బాగానే నిలుస్తుంది.

గోసి = కోసి. జిగ్‌సా రంపంతో కోసి, మూలలు గుండ్రంగా తీసి, అంచును గరుకు కాగితంతో రుద్ది అని భావం. రుద్దడం మూలంలో లేదు, ఛందస్సులో చోటు చాలలేదు.

పరుపు మెత్త = పరుపు అనే మెత్తను. ఇక్కడ బూరుగుదూది పరుపనీ కొబ్బరిపీచు పరుపనీ అర్థం చెప్పేవాళ్లు నిఘంటువు చూశారు గాని మైదానం చూడలేదు. అడవుల్లో గుడారం వేసుకునేవాళ్లు నేల మీద పరుచుకునే పలచటి నీలి నురుగు చాప ఇక్కడ పరుపు. దీనిలో గాలిగదులు దేనికది మూసుకుని ఉంటాయి. కుర్చీ దిండులోని స్పంజిలో గదులన్నీ ఒకదాన్లోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. స్పంజిని నొక్కితే గాలి పారిపోయి కిందున్న చెక్క చేతికి తగులుతుంది, వానలో నీళ్లు తాగి డాలు రెట్టింపు బరువెక్కుతుంది. మూసిన గదుల నురుగులో గాలి ఎక్కడికీ పోలేదు, అందుకే ఎదురు తిరిగి తోస్తుంది. మెత్త అన్న మాటకు కవి ఉద్దేశించిన అర్థం ఈ ఎదురు తిరగడమే.

అంచున జుట్టి = అంచు చుట్టూ తిప్పి. ఇక్కడ వ్యాఖ్యాత కాసేపు ఆగక తప్పదు. ఎక్కువ డాళ్లు చెడేది ఈ మాటను పైపైన చదవడం వల్ల. పావు అంగుళం అంచు మీద నురుగు పట్టీని నిలబెట్టి అంటిస్తే జిగురుకు పట్టు దొరికే చోటు పావు అంగుళమే. నాలుగు దెబ్బలకు పట్టీ వెనక్కి మడత పడి చెక్క బయటికి తొంగి చూస్తుంది. అలాంటి డాలు రంపంతో సమానం. కాబట్టి పలకకు ముందూ వెనకా రెండు నురుగు షీట్లు, అంచు దాటి రెండంగుళాలు బయటికి వచ్చేట్టు అంటించాలి. ఆ రెండింటి నడుమ మిగిలిన సందులో పలక మందమే ఉన్న నురుగు పట్టీ దూర్చి మూడింటినీ కలిపి అతికించాలి. అప్పుడు అంచు అంటే చెక్క అంచు కాదు, చెక్క ఎక్కడ ఆగిందో వేలికి తెలియనంత నురుగు. "చుట్టి" అన్నదానికి "ముంచి" అని అర్థం చెప్పినవారే సరైనవారు.

అన్వయం మాట. మూలంలో మెత్త చుట్టడం ముందు, జిగురు రాయడం తర్వాత వచ్చింది. దాన్ని అక్షరాలా నమ్మి ముందు చుట్టేసి తర్వాత జిగురు డబ్బా మూత తీసినవాళ్లు ఉన్నారు. పలక గోసి, జిగురు రాసి, ఆరగ వేచి, పరుపు మెత్త అంచున చుట్టి, చేర్చి నొక్కి అని అన్వయించుకోవాలి. యతి కోసం కవి క్రమం తప్పాడు. యతి జిగురు కంటే గట్టిది.

జిగురు రాసి యారగ వేచి = రబ్బరు జిగురును రెండు వైపులా పూసి, ఆరేదాకా కాచుకుని. ఇక్కడ ఒక పాఠాంతరం ఉంది: "జిగురు రాసి యారకముందె". గణాలు సరిపోతాయి, యతీ చెడదు. అందుకే ఇది ఇంతకాలం బతికింది. అయినా అపపాఠమే. తెల్ల చెక్క జిగురైతే తడి మీద అతికించి బిగించాలి, అక్కడ ఈ పాఠానికి చెల్లుబాటు ఉంది. నురుగుకు వాడేది కాంటాక్ట్ సిమెంట్: ద్రావకంలో కరిగించిన కృత్రిమ రబ్బరు. మన ఊళ్లో చెప్పులు కుట్టేవారి దగ్గర ఘాటుగా వాసన కొట్టే ఆ పసుపు జిగురు ఈ కులంలోదే. దీన్ని చెక్క మీదా పూయాలి, నురుగు మీదా పూయాలి. ద్రావకం గాలిలోకి ఎగిరిపోయి, తాకితే వేలికి అంటనంత అయ్యేదాకా పది పదిహేను నిమిషాలు ఊరుకోవాలి. అప్పుడు రబ్బరు రబ్బరును తాకగానే పట్టేస్తుంది. ఆ పట్టు క్షణంలో పడుతుంది, మళ్లీ విడదీయబోతే నురుగు చినుగుతుంది గాని జిగురు ఊడదు. తడిగా ఉన్నప్పుడే కలిపేస్తే ద్రావకం లోపలే చిక్కుకుంటుంది. పైకి అతికినట్టే కనిపించి, యుద్ధం నడుమ షీటు షీటుగా లేచి వస్తుంది. "వేచి" అన్న రెండక్షరాల్లో కవి పెట్టినంత కష్టం పద్యంలో ఇంకెక్కడా లేదు.

ఈ జిగురు ఆవిరి తలకు ఎక్కుతుంది, నిప్పు అంటుకుంటుంది. తలుపులు తీసి, పొయ్యికి దూరంగా పూయాలి. ఇంకొకటి: పలకకు బదులు థర్మోకోల్ లాంటి ఇన్సులేషన్ బోర్డు తెచ్చి ఈ జిగురు పూస్తే బోర్డు కళ్లముందే కరిగి గుంట పడుతుంది. ప్లైవుడ్ పక్షం వారు నవ్వే రోజు అదొక్కటే.

చేర్చి నొక్కి = ఒక కొసన మొదలుపెట్టి గాలి చిక్కకుండా చపాతీ కర్రతో దొర్లిస్తూ నొక్కి. ఇంట్లోవాళ్లు చూడకుండా అని కొన్ని ప్రతుల్లో అదనపు పాఠం.

బట్ట కప్పి = దళసరి నూలుబట్టతో దిండు గలీబులా కుట్టి, వెనక తాడుతో బిగించి. బట్టను నురుగుకు అంటించకూడదు, ఉతకాలి గనక. డక్ట్ టేపు చుట్టి సరిపెట్టేవాళ్లున్నారు. ఎండకు దాని జిగురు కారుతుంది, మెత్తదనం పోతుంది, చూడ్డానికి కూడా బాగుండదు.

పట్టీ వేసి = చేతికి ఆధారం కల్పించి. ముంజేతికి ఒక పట్టీ, గుప్పిటకు ఒక పిడి. పాత కార్ల సీటు బెల్టు ముంజేతి పట్టీకి బాగా పనికొస్తుంది. బోల్టు గుండ్రని తల ముందు వైపు నురుగు కిందికి పోవాలి, కనుక మూలంలో పట్టీ చివర వచ్చినా బోల్టులు నురుగు అంటించక ముందే వెయ్యాలి. వెనక నట్టు దాటి పొడుచుకొచ్చిన మొనను కోసెయ్యాలి, లేకపోతే శత్రువు చేయలేని గాయం సొంత డాలు చేస్తుంది. పట్టీలు అడ్డంగా కాక ఏటవాలుగా వెయ్యాలి. మోచెయ్యి సహజంగా మడిచినప్పుడు డాలు నిటారుగా నిలవడం కొలత. ఇది తెలుసుకోవాలంటే రంధ్రాలు పొడవక ముందు అద్దం ముందు నిలబడాలి. రంధ్రాలు పొడిచాక నిలబడేవాళ్లే ఎక్కువ.

భటుడు దాల్ప = యోధుడు ధరించగా. దేన్ని ధరించగా? పద్యం మొత్తం వెతికినా డాలు అన్న మాట లేదు! అధ్యాహారం చేసుకోవాలి. డాలు పేరెత్తకుండా ఇన్ని క్రియలు నడిపిన కవికి నమస్కారం.

పగతు పన్నూడకుండుటే = ఎదుటివాడి పన్ను ఊడకుండటమే. డాలు మోసేవాడిని కాపాడటం ఫలం కావాలి కదా, శత్రువును కాపాడటం ఏమిటని ఆక్షేపణ. సమాధానం: ఈ ఆటలో కత్తులు ముందే మెత్తనివి. వాటిని ఆపడానికి ఒట్టి చెక్క చాలు, అట్టముక్క కూడా చాలు. చేతికి దెబ్బ తగిలితే చెయ్యి పోయినట్టు వెనక్కి పెట్టుకుంటారు, కాలికి తగిలితే మోకాలి మీద కూర్చుంటారు; పోయేది ఆట మాత్రమే. నురుగంతా ఎదుటివాడి కోసమే. డాగోర్‌హిర్‌లో డాలుతో మీదపడి గుద్దడం చెల్లుతుంది, ఆమ్ట్‌గార్డ్‌లో చెల్లదు. చెల్లే చోట డాలు కూడా ఆయుధమే. పరుగెత్తుకొచ్చే మనిషి బరువంతా ఆ అంచు వెనకే ఉంటుంది.

"పగతు" అన్నది ఉపలక్షణం. వరసగా డాళ్లు కలిపి నిలబడ్డప్పుడు మన అంచుకు అందరికంటే దగ్గరగా ఉండేది పక్కవాడి దవడ, వాడు మన పక్షంవాడే. అలాగే పైనుంచి బరువైన దెబ్బ పడితే డాలు వెనక్కి వాలి పై అంచు మోసేవాడి మూతికే తగులుతుంది. కాబట్టి పగతుడు, పక్కవాడు, తాను అని ముగ్గురినీ గ్రహించాలి. "పన్ను" చేత ముక్కు, వేళ్ల కణుపులు కూడా.

పరమ ఫలము = ఉత్తమ ప్రయోజనం. డాలు విరగకపోవడం ఫలం కాదా అంటే కాదు. డాగోర్‌హిర్, బెలెగార్త్ నియమాల్లో రెండు చేతులతో ఊపే పెద్ద ఆయుధానికి ఎరుపు తరగతి అని పేరు. దానితో గట్టిగా రెండు దెబ్బలు పడితే డాలు విరిగినట్టే లెక్క, పక్కన పారేయాలి. నిక్షేపంలా ఉన్న డాలును విరిగిందని అందరూ ఒప్పుకోవాలి. తాడును చూసి పామనుకోవడం భ్రాంతి అన్న వేదాంతులకు చూపించాల్సిన చోటు ఇది, ఇక్కడ తెలిసి తెలిసి అలా అనుకోవడమే నియమం.

తాత్పర్యం

చెక్క కోసి, నురుగులో ముంచి, జిగురు ఆరేదాకా ఓపిక పట్టి, బట్ట తొడిగి, పట్టీలు బిగించి చేసిన డాలు ఎవరి పన్నూ ఊడగొట్టకపోతే అదే చాలు అని. ప్రధాన రసం వీరం, దానికి అంగం కరుణ. శత్రువును కాపాడే డాలు గనక అలంకారం విరోధాభాసమని కొందరు. స్వభావోక్తి అని మా మతం.

యుద్ధానికి ముందు పరీక్షకులు ప్రతి ఆయుధాన్నీ, డాలునీ చూస్తారు. డాలు అంచును బొటనవేలితో గట్టిగా నొక్కి, లోపలి గట్టిదనం తగిలితే పక్కన పెడతారు. మీ డాలు అలా పక్కకు పోతే ఈ వ్యాఖ్యను సాక్ష్యానికి తీసుకెళ్లి వాదనకు దిగకండి. ఇంటికెళ్లి అంచుకు ఇంకో వరస నురుగు వేసి, రెండు వైపులా జిగురు పూసి, అది ఆరేదాకా ఆగి, మళ్లీ రండి.