రుజువు అడిగిన దుర్మార్గుడు

తెల్లవారుజామున మూడున్నరకి ఫోన్ మోగితే ఎవరో పోయారనుకుంటాం. ఆ రోజు ఎవరూ పోలేదు. మా ఇంటి పరువు పోయింది.

"మావయ్యా, లెక్కల్లో ముప్ఫై నాలుగొచ్చాయి" అన్నాడు అమెరికా నుంచి మా అక్క కొడుకు.

"ముప్ఫై అయిదుకా?" అన్నాను, ఒక్క మార్కుకి ఇంత ఏడుపేమిటా అని.

"కాదు. నూటికి."

మంచం మీద లేచి కూర్చున్నాను. వీడెవరనుకున్నారు? ఇంటర్ టూ ఏ, టూ బీ రెండింట్లోనూ 75కి 75 తెచ్చుకున్నవాడు. మా ఊరి సెంటర్లో వాడి ఫొటోతో కట్టిన ఫ్లెక్సీ వానకి తడిసి, ఎండకి వెలిసి, చివరికి పాలవాడి గేదెల పాక మీద కప్పుగా మారింది. వాడి మొహం చెరిగిపోయింది గానీ 75 అన్న అంకె మాత్రం ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. అలాంటివాడికి 34 వేసిన దేశం అగ్రరాజ్యం ఎలా అయిందో నాకు బోధపడలేదు.

"ఎన్ని తప్పులు చేశావురా?"

"ఒక్కటీ లేదు మావయ్యా. ఆన్సర్లన్నీ కరెక్టే. ఎందుకు కరెక్టో రాయలేదన్నాడు."

సరైన జవాబు రాసినవాడికి సున్నా వేసే దుర్మార్గుడు మన పురాణాల్లో కూడా లేడు. అందుకే ఈ కలం పట్టాను. అమెరికా విశ్వవిద్యాలయాల్లో 'ఆనర్స్ కాల్క్యులస్' పేరుతో తెలుగు బిడ్డల మీద జరుగుతున్న ఈ దారుణం లోకానికి తెలియాలి.

ముందు వాడు అందులో ఎలా ఇరుక్కున్నాడో చెప్పాలి. ఆగస్టులో చేరగానే ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టారు. మావాడు సగం టైములోనే ముగించి, మిగతా సగం కిటికీలోంచి ఉడతల్ని చూస్తూ కూర్చున్నాడు. ఆ దెబ్బకి మొదటి సెమిస్టర్ మాఫీ అయింది. మన దగ్గర రైతు రుణానికి ఏళ్లు పడుతుంది, వీడు పూటలో చేయించుకున్నాడని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. జనవరిలో, మంచు మోకాళ్లదాకా పేరుకున్నప్పుడు, తిన్నగా రెండో సెమిస్టర్ క్లాసులో అడుగుపెట్టాడు. మామూలు కాల్క్యులస్ ఉండగా ఆనర్స్ ఎందుకంటారా? ఆ మాట మేమే పట్టించాం. ఆనర్స్ అంటే శాలువా కప్పి సన్మానం చేస్తారనుకున్నాం.

సిలబస్ చూసి కూడా మోసపోయాం. ఇంటిగ్రేషన్, సీరీస్, టేలర్ పాలినామియల్. ఇవన్నీ మావాడికి కొట్టిన పిండే. ఎంఐటీలో ఇలాంటి కోర్సుకి 'కాల్క్యులస్ విత్ థియరీ' అని పేరు పెట్టి అపోస్టల్ పుస్తకం చెప్పేవారు. షికాగో విశ్వవిద్యాలయంలో స్పివాక్ పుస్తకానిది పెద్దపీట. 1967లో వచ్చిన ఆ స్పివాక్ పుస్తకమే మావాడి చేతికీ వచ్చింది. తిరగేస్తే ప్రతి అధ్యాయం చివరా లెక్కలున్నాయి గానీ, అందులో 'కనుక్కోండి' అన్నమాట కంటే 'నిరూపించండి' అన్నమాటే ఎక్కువ. ఇంపార్టెంట్ ప్రశ్నల కింద గీతల్లేవు. ఏ సంవత్సరం ఏది వచ్చిందో బ్రాకెట్లో లేదు. ఇండెక్సులో మాత్రం 'పసుపు పంది' అని ఒక పదం ఉంది. ఆ రచయిత సరదా అది. ఆ దేశంలో పందికున్న చోటు షార్ట్‌కట్‌కి లేదు.

మొదటిరోజే ప్రొఫెసర్ "ఇంటిగ్రల్ అంటే ఏమిటి?" అని అడిగాడట. మావాడు చెయ్యెత్తి "ఏరియా అండర్ ద కర్వ్" అన్నాడు. ఆయన తలూపి "ఏరియా అంటే?" అన్నాడు. మావాడు చెయ్యి దించేశాడు.

అక్కడితో ఊరుకున్నాడా? బోర్డు మీద ఒక ఫంక్షన్ రాశాడు. సున్నాకీ ఒకటికీ మధ్య ఏ సంఖ్య తీసుకున్నా సరే, అది రేషనల్ అయితే, అంటే తెలుగు మీడియం వాళ్ల అకరణీయ సంఖ్య అయితే, ఫంక్షన్ విలువ 1. కాకపోతే 0. "దీని కింద ఏరియా ఎంత?" అన్నాడు. మావాడి బుర్రలో నాలుగు ఆప్షన్లు మెదిలాయి: సున్నా, ఒకటి, అర, ఏదీ కాదు. పదేళ్ల కోచింగ్ పుణ్యమా అని గుడ్డిగా "నన్ ఆఫ్ దీజ్" అన్నాడు. ప్రొఫెసర్ కళ్లు మెరిశాయి. "కరెక్ట్! ఇప్పుడు ఎందుకో వచ్చి రాయి" అని చాక్‌పీసు అందించాడు.

సంగతేమిటంటే, ఆ జాగాని ఎంత సన్నగా తరిగినా ప్రతి ముక్కలోనూ రెండు రకాల సంఖ్యలూ ఉంటాయి. ముక్కముక్కకీ పెద్ద ఎత్తు తీసుకుని కూడితే 1 వస్తుంది, చిన్న ఎత్తు తీసుకుని కూడితే 0 వస్తుంది. ముక్కలు సన్నబడేకొద్దీ ఈ రెండు లెక్కలూ దగ్గరపడాలి. పడితేనే ఏరియా అనేది ఉన్నట్టు. ఇక్కడ ఎంతమంది పెద్దమనుషులు కూర్చున్నా తెగని అన్నదమ్ముల గట్టు తగాదాలా ఒకటి ఒకటిగానే, సున్నా సున్నాగానే నిలబడతాయి. కాబట్టి రీమాన్ అనే గణితవేత్త లెక్క ప్రకారం దానికి ఏరియా లేదు. ఇంత చిన్న విషయం మావాడికి పన్నెండో తరగతిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమేముంది? మనం ఇంకా ఎంసెట్ అనే పిలుచుకునే పరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి అరవై ఏడున్నర సెకన్లు. అందులో ఆప్షన్ నొక్కడానికి పది పోగా, ఏరియా అంటే ఏమిటో ఆలోచించే తీరికెవరికి?

మిడ్‌టర్మ్‌లో అసలు అన్యాయం జరిగింది. ఎక్స్ సున్నాకి దగ్గరవుతుంటే సైన్ ఎక్స్ బై ఎక్స్ లిమిట్ ఎంత? అప్పుడే నిద్రలేచిన తెలుగు పిల్లాణ్ణడిగినా ఒకటి అంటాడు. మావాడు పైదాన్నీ కిందదాన్నీ డిఫరెన్షియేట్ చేసి, మనం ముద్దుగా 'ఎల్ హాస్పిటల్ రూల్' అని పిలుచుకునేది వేసి, నాలుగు సెకన్లలో తేల్చేశాడు. సున్నా వేశాడా మహానుభావుడు. సైన్ డెరివేటివ్ కొసైన్ అని ఆ క్లాసులో తేల్చిందే ఈ లిమిట్ ఆధారంగానట. దొంగనే పంచనామాకి సాక్షిగా పిలిచినట్టయిందని రాశాడు. అంత మాట ఆయన అనలేదనుకోండి, 'సర్క్యులర్' అని ఒక్కమాట రాశాడు. తెలుగు చేసింది నేను.

నిజానికి ఆ హాస్పిటల్ గారి చరిత్ర వింటే మన కాలేజీల వాళ్లు ఆయన విగ్రహం పెట్టుకోవాలి. ఫ్రెంచి ప్రభువు లోపితాల్ 1696లో అచ్చేసిన పుస్తకంలో ఆ సూత్రం ఉంది. కనిపెట్టినవాడు మాత్రం యోహాన్ బెర్నూలీ. ఏడాదికి 300 లీవ్రలు ఇస్తాను, నువ్వు కనిపెట్టినవి నాకు పంపు, మరొకరికి చెప్పకు అని 1694లో ఆ ప్రభువు ఉత్తరం రాసి ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఫీజు కట్టి, ఇంకొకడి తెలివికి తన పేరు తగిలించుకున్న ఘనుడు! ఒకే ర్యాంకరు ఫొటోని మూడు కాలేజీలు తమ ప్రకటనల్లో వేసుకునే రోజులు రావడానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది.

మార్చిలో సీరీస్ మొదలయ్యాయి. 1 − 1/2 + 1/3 − 1/4 ... ఇలా కూడుతూ తీస్తూ పోతే లాగ్ 2, అంటే సుమారు 0.693 వస్తుంది. ఇప్పుడు ఆ పదాల్నే, ఒక్కటీ కలపకుండా, ఒక్కటీ తీసెయ్యకుండా, కేవలం వరస మార్చి 1 − 1/2 − 1/4 + 1/3 − 1/6 − 1/8 ... అని పేరిస్తే సరిగ్గా సగం వస్తుంది. సగమేమిటి, కావలసిన పద్ధతిలో పేరిస్తే ఏ సంఖ్య కావాలంటే ఆ సంఖ్యే రప్పించవచ్చని రీమాన్ 1854లో రాశాడు, అది ఆయన పోయాక అచ్చయింది. మావాడు బెంబేలెత్తిపోయాడు. "మావయ్యా, ఎటు నుంచి కూడినా ఒకటేనని రెండో తరగతిలో చెప్పారు కదా!"

నేను మాత్రం చలించలేదు. టీవీలో 'ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు...' అని ఊపిరి తిప్పుకోకుండా చదివే ర్యాంకుల ప్రకటనలు విని పెరిగిన జాతి మనది. అవే ర్యాంకులు, పేర్చే వరస మార్చితే ప్రతి కాలేజీకీ ప్రథమ స్థానమే. రీమాన్ సిద్ధాంతం మనకి ప్రతి జూన్‌లోనూ నిరూపణ అవుతూనే ఉంది.

న్యాయం కూడా చెప్పాలి. ఆ ప్రొఫెసరూ పత్తిగింజేమీ కాదు. క్లాసు సగటు 41 వచ్చేసరికి, 'కర్వ్' అని ఏదో చేసి మావాడి 34ని బి మైనస్ చేశాడు. పిల్లాడు గీసిన ప్రతి గీతకీ రుజువడిగే మనిషి, 34 బి మైనస్ ఎలా అయిందో ఒక్క వాక్యం రుజువు చూపలేదు. అదేమిటని అడుగుదామని ఫోన్ నంబరు అడిగితే, "మావయ్యలకి మార్కుల సంగతి చెప్పరు, 1974 నుంచీ చట్టముంది" అన్నాడు మావాడు. మన దగ్గర మార్కులు ఊరందరికీ చెప్పాలని చట్టం లేకపోయినా ఫ్లెక్సీ ఉంది.

ఇక ఉండబట్టలేక నా బ్రహ్మాస్త్రం తీశాను. "ఒరేయ్, వాళ్లు మనకి రుజువులు నేర్పేదేమిటి? ఈ సీరీస్‌లన్నీ కనిపెట్టింది మనమే. కేరళలో మాధవుడు, న్యూటన్‌కి రెండు మూడు వందల ఏళ్ల ముందే. నీకు వాట్సాప్‌లో పంపాను కదా!"

అవతల కాసేపు నిశ్శబ్దం.

"నిజమే మావయ్యా. 1 − 1/3 + 1/5 − 1/7 ... ఇలా పోతే π విలువలో నాలుగో వంతు వస్తుందని మాధవుడి పేరు మీదే ఉంది. 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడు దాన్ని 'యుక్తిభాష'లో పెట్టాడు. శ్లోకాల్లో కాదు, మలయాళ వచనంలో. లైబ్రరీలో అనువాదం దొరికితే చదివాను. అందులో ఏముందో తెలుసా? రుజువులు. ఏది ఎందుకు వస్తుందో అడుగడుగునా చెప్పాడు. నువ్వు చదివావా?"

"ఫార్వర్డ్ చేశాను" అన్నాను.

ఏప్రిల్లో మళ్లీ ఫోన్ చేశాడు. గొంతులో హుషారు. ఒకే ఒక్క లెక్క మీద మూడు రోజులు కూర్చున్నాడట. మంచులో నడుస్తున్నా, అన్నం వండుకుంటున్నా అదే ఆలోచన. మూడో రోజు రాత్రి తెగిందట. నేను వెంటనే లెక్కేశాను: మూడు రోజులంటే, ఎంసెట్ వేగాన, 3,840 ప్రశ్నలు. అన్ని ప్రశ్నల కాలాన్ని ఒక్కదాని మీద తగలేసి, పైగా ఆనందపడుతున్నాడు. పిల్లాడు చేతికి రాకుండా పోయాడని మా అక్కకి ఎలా చెప్పను?

ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. నేను ఇంటర్ చదివేప్పుడు ఒకసారి లేచి, "సార్, ఇంటిగ్రేషన్ చివర ప్లస్ సీ ఎందుకు పెడతాం?" అని అడిగాను. "పెట్టకపోతే మార్కు పోతుంది" అన్నారు సారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి కూర్చున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ లేవలేదు. అలాగని మేం రుజువులు చదవలేదని కాదు. బైనామియల్ థీరమ్ రుజువుని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాళ్లం, ఇంట్లో ఆంజనేయ దండకం అప్పజెప్పినట్టే. దండకం చదివితే కనీసం భయమైనా పోయేది.

యుక్తి అన్నమాటకి జ్యేష్ఠదేవుడి పుస్తకంలో అర్థం రుజువు. మన కోచింగ్ సెంటర్లో అదే మాటకి అర్థం షార్ట్‌కట్. అయిదు వందల ఏళ్లలో మనం సాధించిన ప్రగతి ఈ రెండు అర్థాల మధ్య దూరమంత.

కాబట్టి తల్లిదండ్రులకి నా మనవి. మీ పిల్లవాడు ఎప్పుడైనా పుస్తకంలోంచి తలెత్తి "ఇది ఎందుకు?" అని అడిగితే, సిలబస్‌లో లేదని కసురుకోకండి. ఉంది. రెండో సెమిస్టర్‌లో. కాకపోతే అక్కడ ఫీజు డాలర్లలో కట్టాలి.