మిత్రునికి లేఖ, ఐదు మార్కులు

బాలబాలికలలో సృజనశక్తిని పెంపొందింపవలెనని ఉపన్యసించు పెద్దలకు మన దేశమున కొదవ లేదు. కాని, ఆ శక్తి మన పాఠశాలలలో ఇదివరకే ఎంతటి క్రమశిక్షణతో వర్ధిల్లుచున్నదో వారు గమనింపకుండుట మిక్కిలి శోచనీయము. సందేహమున్నవారు ‘నీవు చేసిన విహారయాత్రను గూర్చి మిత్రునికి లేఖ వ్రాయుము’ అను ప్రశ్నకు వచ్చిన జవాబు పత్రముల కట్ట నొకదానిని విప్పి చూతురు గాక. తరగతిలోని అరువదిమందియు ఒకే సెలవులలో హైదరాబాదునకు పోయిరి. అరువదిమందియు గోల్కొండలో ఫతే దర్వాజా కడ చప్పట్లు చరచి, ఆ ధ్వని కొండమీది బాలాహిసారు దాక వినబడునని తెలిసికొని ఆశ్చర్యచకితులైరి. పిదప సాలార్‌జంగు మ్యూజియములో గడియారపు బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టగా అరువదిమందియు ఏకకంఠముగా పరవశించిరి. వారిలో బస్సెక్కి జిల్లా దాటినవారు నలుగురైనను లేరనుట వేరు సంగతి. చూడని ఊరును చూచినట్లు వ్రాయగలుగుటకంటె సృజన యనగా మరేమి కావలయును?

మా పొరుగింటి బాలుడొకడు మాత్రము ఈ సత్సంప్రదాయమునకు భంగము కలిగించెను. అమ్మమ్మగారి ఊరిలో ఆవకాయకు కాయలు కొట్టిన నాటి ముచ్చటను ఆ దుర్మతి మిత్రునికి వ్రాసినాడు. తాతగారి కత్తిపీట క్రింద టెంక రెండుగా చీలి, జీడి యెగిరి మామయ్య కాఫీ గ్లాసులో పడినదట. ఆవపిండి ఘాటునకు అమ్మమ్మ తుమ్ముచు, తుమ్మునకు తుమ్మునకు నడుమ ఇంటిల్లిపాదిని వరుసగా తిట్టినదట. ముక్కలు తుడిచిన పాతగుడ్డ పాతగుడ్డ కాదనియు, మామయ్య పెండ్లినాటి పట్టుపంచె యనియు సాయంకాలమునకు గాని బయటపడలేదట. ఉపాధ్యాయులవారు ఎఱ్ఱసిరాతో ‘ఇది విహారయాత్ర కాదు’ అని వ్రాసి, ఐదింట ఒక్క మార్కు దయచేసిరి. అదియును దస్తూరికట. వాని తల్లి గైడు కొని తెచ్చి, రాత్రికి రాత్రి వానిని హైదరాబాదు పంపినది.

ఇట్టి కట్టుదిట్టములు పూర్వము లేకపోవుటచేత జరిగిన అనర్థములు లోకవిదితములు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు నుండి ‘బాల’ పత్రికను నడుపుచు, అందు పిల్లల వ్రాతలకు చోటిచ్చెడివారు. 1945లో ముళ్లపూడి వెంకటరమణ యను పద్నాలుగేండ్ల ప్రాయపు కుర్రవాడు ‘అమ్మ మాట వినకపోతే’ అను కథ వ్రాసి పంపగా, ఇది ఏ పాఠము క్రింది ప్రశ్న, ఎన్ని మార్కులకు అని విచారింపకయే దానిని అచ్చు వేసిరి. ఫలితమేమి? ఆ కుర్రవాడు పెరిగి పెద్దవాడై ‘బుడుగు’ను మన మీదికి వదలెను. తల్లిదండ్రులను రాధ, గోపాళం అని పేరు పెట్టి చెప్పుచు, ప్రైవేటు మాష్టర్లను ముప్పుతిప్పలు పెట్టు ఆ పిడుగు, ఐదు మార్కులకు సరిపడు లేఖ యొక్కటియైనను వ్రాసిన పాపమున పోలేదు. సకాలమున ఒక్క గైడు చేతికందియుండినచో రమణగారును గోల్కొండ కడ చప్పట్లు చరచి, ఐదింట నాలుగున్నర తెచ్చుకొని, ఎవరికిని ఏ అపకారమును లేకుండ ఉద్యోగము చేసికొని యుండెడివారు. తెలుగుదేశమునకు ఇన్నేండ్ల నవ్వు మిగిలియుండెడిది.

కావున వచ్చు నవంబరు 14న బాలల దినోత్సవ సందర్భమున సృజనాత్మక రచన పోటీలు జరుపనున్న ప్రధానోపాధ్యాయులకు నా మనవి యొక్కటే. బహుమతిగా తెప్పించిన స్టీలు గిన్నెను నేరుగా గైడు ప్రచురణకర్తకే పంపివేయుడు. పిల్లలకు ఆ పూట సెలవీయుడు.