తాండవ ఈత ఇక్కడ చెల్లదు

తునిలో పుట్టి ఈత రాదంటే నలుగురూ నవ్వుతారు. ఊరిని ఆనుకుని తాండవ నది, అవతలి ఒడ్డున పాయకరావుపేట. నాకు రాదు. మా బావకు వచ్చు. మామూలుగా రావడం కాదండి, ఎదుటివాడు పారిపోయేదాకా చెప్పుకునేంత వచ్చు.

ఇద్దరం ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళను కనిపెట్టుకునే పనిలో ఉన్నాం. గోదావరి జిల్లాల వాళ్ళు చాలామంది ఇదే పని మీద ఇక్కడున్నారు. శుక్రవారం పొద్దుగూకిందంటే షబ్బాత్ సెలవు, చాలా ఊళ్ళలో బస్సులు కూడా తిరగవు. అందుకని మనవాళ్ళంతా తలో కొంత వేసుకుని వ్యాను మాట్లాడుకుని, పులిహోర కట్టుకుని మృతసముద్రానికి బయల్దేరాం.

జెరూసలేం దాటాక రోడ్డు పక్కన ‘సముద్ర మట్టం’ అని బోర్డు. సముద్రం జాడే లేదు. ఇంకా దిగాలిట! దిగీ దిగీ, చెవులు దిబ్బెళ్ళు వేశాక, 430 మీటర్లకు పైగా కింద కనబడింది. నేల మీద ఇంతకన్నా పల్లం ఎక్కడా లేదు. పేరుకే సముద్రం, నిజానికిది సరస్సు. యోర్దాను నది వచ్చి కలుస్తుంది, బయటికి మాత్రం దారి లేదు. ఎండకు నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. మామూలు సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడ దాదాపు 340.

ఇదంతా బావకు చెప్పబోయాను.

“నీళ్ళ గురించి నువ్వు నాకు చెబుతావేంట్రా?” అని బోర్లా దూకేశాడు. చేతులు వేశాడు, బాగానే వేశాడు. కాళ్ళు నీళ్ళలో ఉంటేగా! పైకి లేచిపోయి గాలిని తన్నుతున్నాయి. నిలబడదామంటే పాదం నేలకు ఆనదు. ఓ చుక్క కంట్లో పడింది, అరవబోతే ఓ గుక్క నోట్లోకి పోయింది.

“ఉప్పు కాదురా, చేదురా!” అన్నాడు. నిజమే. అందులో మన వంటింటి ఉప్పు తక్కువ, మెగ్నీషియం క్లోరైడే ఎక్కువ. కానీ ఆ సమయంలో ఆ సంగతి ఎవరు చెబుతారు?

నేను మెల్లగా వెనక్కి వాలాను. నీళ్ళే ఎత్తి పట్టుకున్నాయి. పుట్టి బుద్ధెరిగాక బావ కన్నా బాగా ఈదానంటే ఆవేళే, అదీ కాలూ చెయ్యీ కదపకుండా. పక్కనే టోపీ పెట్టుకుని తేలుతున్న ఓ మామ్మగారు మావాడి అవస్థ చూసి, దగ్గరికొచ్చి, భుజం పట్టుకుని అట్టు తిరగేసినట్టు వెల్లకిలా తిరగేసింది. ముసలివాళ్ళను చూసుకోవడానికి వచ్చిన మనిషిని ముసలావిడే చూసుకోవాల్సి వచ్చింది. పైగా మావాడు పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని వచ్చాడేమో, మంచినీళ్ళ షవరు కింద ఎంతసేపు నిలబడ్డా బుగ్గల మంట చల్లారలేదు.

మీరెవరైనా వస్తే గడ్డం జోలికి పోకండి, చెప్పులతోనే దిగండి, ఉప్పుగడ్డలు కోసేస్తాయి. ఈత వచ్చని మాత్రం బోర్లా పడకండి, ఇందులోనూ మునిగిపోయినవాళ్ళు ఉన్నారు. వచ్చేదేదో త్వరగా రండి. యోర్దాను నీళ్ళు పైనే మళ్ళించుకుంటున్నారు, ఖనిజాల ఫ్యాక్టరీలు కింద తోడుకుంటున్నాయి, సరస్సు ఏటా మీటరుకు పైగా దిగిపోతోంది. మేం దిగిన ఎయిన్ బోకెక్ దగ్గరైతే ఉత్తరం వైపు సరస్సు నుంచి ఆ ఫ్యాక్టరీల కోసం పంపులతో తోడి నింపిన మడుగే మిగిలింది. తాండవ వీరుడు ఓడిపోయింది ఆ మడుగులోనని బావతో అనకండి.