గోడలు మావి, గంట మాది, అప్పు మీది

అమెరికాలో ఒక ఊరుంది. ఆ ఊరి నడిబొడ్డున, ఆ ఊరి పేరే పెట్టుకున్న బడులు మూడున్నాయి. ఆ మూడూ ఆ ఊరివి కావు.

టెనెసీ రాష్ట్రం, షెల్బీ కౌంటీ. మెంఫిస్ నగరాన్ని ఆనుకుని జర్మన్‌టౌన్ అని కలిగినవాళ్ల ఊరు. 2014లో ఆ ఊరు బడుల విషయంలో వేరు కుంపటి పెట్టుకుంది. కుంపటి వచ్చింది గానీ జర్మన్‌టౌన్ ఎలిమెంటరీ, జర్మన్‌టౌన్ మిడిల్, జర్మన్‌టౌన్ హై మాత్రం రాలేదు. మెంఫిస్ వాళ్ల స్కూలు డిస్ట్రిక్టు అట్టిపెట్టుకుంది. అక్కడి జనం వీటికి 'త్రీ జీలు' అని పేరు పెట్టుకున్నారు. మన దగ్గర ఫోర్‌జీ వచ్చి, ఫైవ్‌జీ కూడా వచ్చింది. అక్కడ మాత్రం ఎనిమిదేళ్లపాటు సిగ్నల్ త్రీజీ దగ్గరే ఆగిపోయింది.

స్కూలు డిస్ట్రిక్టు అనగానే కలెక్టరు, ఎస్పీ ఉండే మన జిల్లా గుర్తొస్తే తుడిచేయండి. అది బడుల కోసమే పుట్టిన బుల్లి సర్కారు. దానికో బోర్డు, ఆ బోర్డుకి ఎన్నికలు, దేశమంతా కలిపి అలాంటివి 13 వేల దాకా ఉన్నాయి. బడి ఖర్చులో సగానికి దగ్గరగా స్థానిక పన్నుల నుంచే రావాలి. అందులో సింహభాగం ఇంటి పన్ను. అంటే మేడలున్న వీధిలో బడికి మేడంత నిధి, రేకుల షెడ్లున్న వీధిలో బడికి రేకంత నిధి. మేడల వీధివాళ్లకి ఒకరోజు పొద్దున్నే జ్ఞానోదయమవుతుంది: మన డబ్బుతో వాళ్ల పిల్లలు చదువుకోవడమేంటి? ఈ జ్ఞానోదయానికి అక్కడ పెట్టిన మర్యాదైన పేరు 'లోకల్ కంట్రోల్'. 2000 నుంచి 2019 దాకా ఇలా విడిపోవాలని ప్రయత్నించినవి 128 ఊళ్లు, నెగ్గినవి 73 అని ఎడ్‌బిల్డ్ అనే సంస్థ లెక్క తేల్చింది.

మెంఫిస్ కథలో విశేషమేంటంటే, అక్కడ విడాకులకి దారి తీసింది పెళ్లి.

కౌంటీలో రెండు డిస్ట్రిక్టులుండేవి. మెంఫిస్ నగరానిది ఒకటి: లక్షకు పైగా పిల్లలు, ఎక్కువమంది నల్లజాతివాళ్లు, పేదలు. శివారు ఊళ్లది ఇంకొకటి: అందులో సగం కూడా లేరు, ఎక్కువమంది తెల్లవాళ్లు, ఉన్నవాళ్లు. కౌంటీ వసూలు చేసిన పన్నుని పిల్లల సగటు హాజరుని బట్టి ఇద్దరికీ పంచేవారు. నగరంవాళ్లు కౌంటీ పన్నుతో పాటు నగరం పన్ను కూడా కట్టేవారు. ఆ నగరం గారి దాతృత్వం గురించి కూడా చెప్పుకోవాలి. 2008లో సొంత బడులకిచ్చే సొమ్ములో 5 కోట్ల 70 లక్షల డాలర్లు కోసి పారేసింది. బడి బోర్డు సొంత నగరం మీదే కోర్టుకెక్కి గెలిచింది. శివారువాళ్ల పిసినారితనం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ కాగితాన్ని సాధారణంగా ఇంట్లో మరిచిపోయి వస్తుంటారు.

2010 నవంబరు ఎన్నికల్లో రాష్ట్రంలో రిపబ్లికన్ల బలం పెరిగింది. ఇక శివారు డిస్ట్రిక్టు 'ప్రత్యేక' హోదా తెచ్చుకుని, తన ఇంటి పన్ను చుట్టూ కంచె వేసుకుంటుందని మెంఫిస్‌కి గుబులు పట్టుకుంది. (ప్రత్యేక హోదా అనగానే మనవాళ్లు ఉలిక్కిపడక్కర్లేదు. అక్కడ అడిగితే ఇచ్చే అవకాశం ఉంది.) డిసెంబరులో మెంఫిస్ బడుల బోర్డు 5–4 ఓట్లతో తీర్మానం చేసింది: మా బోర్డుని మేమే రద్దు చేసుకుంటున్నాం, మా లక్ష మంది పిల్లల్నీ ఇకనుంచి మీరే చూసుకోండి. పక్కవాడు గోడ లేపేలోగా పెట్టే బేడా సర్దుకుని వాడింట్లోనే దిగిపోవడమన్నమాట. 2011 మార్చిలో నగర ఓటర్లు మూడింట రెండొంతుల మెజారిటీతో సరేనన్నారు.

శివారు ఊళ్ల గుండె ఆగినంత పనైంది. రాష్ట్ర శాసనసభలో వాళ్ల పెద్దలు ఓటింగుకి ముందే మేలుకుని, నోరిస్–టాడ్ చట్టమని ఒకటి చేసి పెట్టారు. దాని సారాంశం: విలీనం వెంటనే వద్దు, 2013 దాకా ఆగండి; విలీనం కాగానే కావలసిన ఊళ్లు సొంత డిస్ట్రిక్టులు పెట్టుకోవచ్చు. పెళ్లి ముహూర్తమూ విడాకుల తేదీ ఒకే శుభలేఖలో అచ్చేసిన ఘనత బహుశా ప్రపంచంలో ఈ చట్టానికే దక్కుతుంది. దాని ఊతంతో 2012లో చేసిన ఇంకో చట్టాన్ని, ఒక్క కౌంటీ కోసం చట్టమేంటని ఆ ఏడాదే ఫెడరల్ జడ్జి కొట్టేస్తే, 2013లో రాష్ట్రం మొత్తానికి వర్తించేలా మళ్లీ రాశారు. 2013 జూలై 1న విలీనం. 2014 ఆగస్టు నాటికి జర్మన్‌టౌన్, కొలియర్‌విల్, బార్ట్‌లెట్, ఆర్లింగ్టన్, లేక్‌లాండ్, మిల్లింగ్టన్ ఆరూ బయటికి. కాపురం ఒక్క విద్యా సంవత్సరం.

ఇక అసలు పని: గిన్నెలు పంచుకోవడం.

"ఇన్నేళ్లు కౌంటీ పన్ను కట్టాం. మా ఊళ్లో ఉన్న బడి మాదే. ఒకసారి కొన్నదాన్ని మళ్లీ కొనమంటారేం?" అన్నాయి శివారు ఊళ్లు. "కౌంటీ పన్ను మేమూ కట్టాంగా, మీ ఊళ్లో గోడలకి పడ్డ సిమెంటులో మాదీ ఉంది" అంది మెంఫిస్. ఇద్దరి మాటా నిజమే. రెండు నిజాలు ఎదురుపడ్డ చోట లాయరుకి గిరాకీ. చివరికి కుదిరిన రాజీని మన పత్రాలు రాసేవాళ్లు ఫ్రేము కట్టించుకోవాలి. జర్మన్‌టౌన్‌కి త్రీ జీలు పోగా మిగిలిన ఐదు బడులు అప్పగిస్తారు. ఆ ఊరు ఏటా సుమారు 3 లక్షల 55 వేల డాలర్ల చొప్పున 12 ఏళ్లు కడుతుంది. అయితే అది బడుల ఖరీదు కాదు సుమండీ! పాత డిస్ట్రిక్టులో రిటైరైన టీచర్ల ఆరోగ్య బీమా బాకీకి సాయం. కొన్నవాడు కొనలేదు, అమ్మినవాడు అమ్మలేదు, మధ్యలో పంతుళ్ల బీపీ మాత్రలకి డబ్బులు ముట్టాయి. ఐదు బడులు కలిపి 43 లక్షల డాలర్ల లోపు. 2023 వేలంలో ఎకరం వంద కోట్ల రూపాయలు దాటిన కోకాపేటలో ఆ డబ్బుకి అరెకరం కూడా రాదు.

అదే రాజీలో ఇంకో సంగతి సర్దుకుపోయింది. ఈ విభజనతో బడులు మళ్లీ రంగుని బట్టి చీలిపోతాయని కౌంటీ కమిషన్ ఫెడరల్ కోర్టులో వాదిస్తోంది. భవనాల లెక్క కుదరగానే ఆ వాదన వెనక్కి వెళ్లింది. అంత పెద్ద రాజ్యాంగ ప్రశ్నకి జవాబు ఆరోగ్య బీమా పద్దులో దొరుకుతుందని ఎవరూహిస్తారు?

మరి త్రీ జీల సంగతి? అక్కడ చదివే పిల్లల్లో ఎక్కువమంది జర్మన్‌టౌన్ పొలిమేర అవతలి నుంచి వచ్చేవాళ్లు. కాబట్టి మావే అంది మెంఫిస్. న్యాయమైన మాటే. దానికింద ఇంకో న్యాయం కూడా ఉంది. పైసలు పిల్లల తలల్ని బట్టి వస్తాయి. ఇన్ని తలలున్న హైస్కూలుని ఏ డిస్ట్రిక్టూ తేలిగ్గా వదులుకోదు. హాజరు పట్టీలో పిల్ల పేరు పక్కన టీచరుకి టిక్కు కనిపిస్తుంది, లెక్కల విభాగానికి డాలరు కనిపిస్తుంది. జర్మన్‌టౌన్ చేసేదేం లేక సొంతంగా ఇంకో ఎలిమెంటరీ బడి కట్టుకుంది. 2022లో రాష్ట్రం మళ్లీ రంగంలోకి దిగి, ఒక ఊళ్లో ఇంకొకరి బడులేంటని చట్టం చేసింది. డిసెంబరుకల్లా కొత్త రాజీ: ఎలిమెంటరీ, మిడిల్ జర్మన్‌టౌన్‌కి, అందుకు ఆ ఊరు 50 లక్షల డాలర్లివ్వాలి. హైస్కూలు భవనాన్ని మెంఫిస్ అమ్ముకోవాలి. పక్కనే ఉన్న కార్డోవాలో కొత్త హైస్కూలుకి కౌంటీ 7 కోట్ల డాలర్లకు పైగా సర్దాలి. ఉన్న బడికి హక్కుదారు ఎవరో తేల్చలేక లేని బడి కట్టించడం రాజనీతిలో కొత్త అధ్యాయం.

ఈ కథంతా మా బాబాయికి చెప్పాను. మా చెల్లెలూ బావగారూ ఉండేది కొలియర్‌విల్‌లోనే. ఫెడెక్స్ టెక్నాలజీ సెంటర్ ఉన్న ఊరు కాబట్టి మనవాళ్లూ బాగానే ఉన్నారు. మనవాళ్లు అక్కడ ఇల్లు కొనేముందు వాస్తు చూస్తారు, స్కూలు రేటింగూ చూస్తారు. ఈశాన్యం కాస్త తగ్గితే శాంతి చేయించుకుని సర్దుకుంటారు. రేటింగు తగ్గితే మాత్రం సర్దుకోరు. కాబట్టి లోకల్ కంట్రోల్ గురించి నీతులు చెప్పే హక్కు మా ఇంట్లో ఎవరికీ లేదని ఒక తీర్మానం ఇదివరకే అయిపోయింది.

బాబాయి ఊళ్లో నలభై ఏళ్లు పంపకాలు చేసిన మనిషి. అంతా విని ఒక్క ప్రశ్న వేశాడు.

"ఒరేయ్, వాళ్లు లెక్క దేని మీద కట్టార్రా? తలల మీదా, నేల మీదా?"

"ఎవరికేది లాభమైతే దాని మీద, బాబాయ్."

"అయితే మనవాళ్లే."

బాబాయి మాటలో అతిశయోక్తి లేదు. 2014లో మన రాష్ట్రం విడిపోయినప్పుడు ఉన్నత విద్యా మండలి విభజన చట్టం పదో షెడ్యూల్లో ఉంది, భవనం హైదరాబాదులో ఉంది, బ్యాంకు ఖాతా ఎవరిదో ఎవరికీ తెలియకుండా ఉంది. "మా గడ్డ మీదుంది, మాదే" అని తెలంగాణ. "జనాభా లెక్కన 58:42, పెద్ద వాటా మాదే" అని ఆంధ్రప్రదేశ్. బ్యాంకువాళ్లు ఇద్దరికీ దణ్ణం పెట్టి ఖాతాలు స్తంభింపజేశారు. 2015లో హైకోర్టు తెలంగాణ వైపు తీర్పిచ్చింది. 2016 మార్చి 18న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఆస్తులూ అప్పులూ జనాభా నిష్పత్తిలో కూర్చుని తేల్చుకోండి, తేలకపోతే కేంద్రం కమిటీ వేయాలి అంది. కూర్చోవడం, తేల్చుకోవడం మనకి రెండు వేరువేరు పనులు. మధ్యలో టీ వస్తుంది.

తెలుగు అకాడమీ కథ ఇంకా రసవత్తరం. దాని వాటాల తకరారు నడుస్తుండగానే, 2021లో ఫిక్స్‌డ్ డిపాజిట్లలో దాదాపు 64 కోట్ల రూపాయలు మాయమైనట్టు బయటపడింది. పంచుకోవడానికి ఇద్దరు కొట్టుకుంటుంటే నిష్పత్తితో పనిలేని మూడోవాడు వచ్చి పని కానిచ్చేశాడు. మెంఫిస్ వాళ్లకి ఇంతటి ఊహాశక్తి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

నిజానికి ఈ పంపకాల్లో జనం నిష్పత్తిని ఎంచుకునే తీరు చూస్తుంటే ముచ్చటేస్తుంది. మేడల పన్ను దగ్గర 'ఎవరు కట్టింది వాళ్లదే' అన్నవాడు, భవనం దగ్గరికొచ్చేసరికి 'ఎక్కడున్నది అక్కడే' అంటాడు. పెన్షన్ల బాకీ దగ్గర 'అందరిదీ' అంటాడు. ఒకే మనిషి, ఒకే మీటింగులో, మైకు కింద పెట్టకుండా.

యూటా రాష్ట్రంలో ఇంకా సుళువు మార్గం కనిపెట్టారు. సాల్ట్ లేక్ కౌంటీలో జోర్డన్ అని పెద్ద డిస్ట్రిక్టు. తూర్పున శాండీ, డ్రేపర్ లాంటి స్థిరపడిన ఊళ్లు; పడమట పిల్లలు పెరుగుతూ, బడులు కొత్తగా కట్టాల్సిన ఊళ్లు. 2007 నవంబరులో విడిపోవాలా వద్దా అని ఓటింగు పెట్టారు. ఓటెవరికి? విడిపోతామన్న తూర్పువాళ్లకి మాత్రమే. పడమటివాళ్లు కోర్టుకెళ్తే, 2010లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఇందులో రాజ్యాంగానికి నొప్పేమీ లేదంది. 2009లోనే కాన్యన్స్ డిస్ట్రిక్టు నడక మొదలెట్టింది. పడమట చెయ్యి ఖాళీ అవుతుందని గ్రహించిన శాసనసభ, కౌంటీలో మిగతా డిస్ట్రిక్టుల కట్టడాల పన్నులో కూడా కొంత పోగేసి సర్దేలా 2008లోనే చట్టం చేసింది. విడిపోయింది ఈ ఇద్దరు, చందా వేసుకున్నది పక్కవీధి. మన నాయకులు ఈ యూటా ఉపాయం ఇంకా చదవలేదనే ధీమాతో ఇక్కడ రాస్తున్నాను.

యూటాలోనే ఇప్పుడు ఇంకోటి నడుస్తోంది. రాష్ట్రంలోకెల్లా పెద్దదైన ఆల్పైన్ డిస్ట్రిక్టుని మూడు ముక్కలు చేయడానికి 2024 నవంబరులో ఓటర్లు ఒప్పుకున్నారు. 80 వేల పైచిలుకు పిల్లలు. 2027 నుంచి మూడు బోర్డులు, మూడు ఆఫీసులు, ముగ్గురు సూపరింటెండెంట్లు. బస్సుల దగ్గర్నుంచి బాండ్ల అప్పు దాకా మూడు వాటాలు వేయాలి. ఈ వార్త కూడా బాబాయికి చెప్పాను. కాసేపు కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"వాళ్ల ఫోన్ నంబరుందా?"

"ఎందుకు బాబాయ్?"

"ఇద్దరికి పంచితే ఇద్దరూ తిడతారు. ముగ్గురైతే ఒకడు ఎప్పుడూ మన పక్కనుంటాడు. వీసా సంగతి చూడు. భోజనం, రానూపోనూ చార్జీలు వాళ్లవే, ముందే చెప్పు. ఫీజు మాత్రం హాజరు లెక్కన వద్దురా. ఇంటి పన్ను లెక్కన ఇమ్మను."