ముట్టాక మడి!

మార్ల్‌బరో సిగరెట్లు అమ్ముకునే ఫిలిప్ మోరిస్ ఇంటర్నేషనల్‌కు 2017లో మన ఊపిరితిత్తుల మీద దయ పుట్టుకొచ్చింది. ‘పొగ లేని ప్రపంచం’ తెస్తామంటూ వెలసిన ఫౌండేషన్‌కు ఏటా 8 కోట్ల డాలర్ల చొప్పున 12 ఏళ్లు ఇస్తానంది. తొడపాశం పెట్టి ఉయ్యాల ఊపడమంటే ఇదే! ఈ ఫౌండేషన్‌తో చేతులు కలిపేది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెగేసి చెప్పింది. డబ్బు సిగరెట్ల కంపెనీదైనా పెత్తనం మాదేనంది ఫౌండేషన్. 2023లో ఆఖరి విడతగా 12.25 కోట్ల డాలర్లు పుచ్చుకుని బంధం తెంచుకుంది. 2024లో పేరూ మార్చేసుకుంది. ఇకపై పొగాకు సొమ్ము ముట్టదట! ముట్టాల్సింది ముట్టాక మడి కట్టుకోవడానికేం కష్టం? మిగతా స్వచ్ఛంద సంస్థలూ కిటుకు నేర్చుకోవాలి: విరాళాల నైతికతపై మీటింగు ఎప్పుడైనా సరే, చెక్కు క్లియరయ్యాకే పెట్టుకోవాలి!