ఎమ్మెస్సీ భూగోళ సూత్రానికి అంబర్‌పేట వ్యాఖ్య

సూత్రం: డిగ్రీ గడించి, ప్రవేశపరీక్ష గట్టెక్కి, నాలుగు సెమిస్టర్లు హాజరై, పటం చదివి, నేల తిరిగినవారు పట్టాకు అర్హులు.

అవతారిక: ఉస్మానియాలో భూగోళశాస్త్రం ఎమ్మెస్సీకి సంబంధించిన ప్రకటనలను, సిలబస్‌లను పిండి వడగడితే మిగిలేది ఈ ఒక్క వాక్యమే. అంబర్‌పేట నుంచి క్యాంపస్ కూతవేటు దూరం కాబట్టి, వ్యాఖ్యాత ఇక్కడే పీట వేసుకున్నాడు.

ప్రతిపదార్థం: ప్రవేశపరీక్ష = సీపీగెట్ అనబడునది; 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. గట్టెక్కి = కౌన్సెలింగ్‌లో సీటు దక్కించుకుని. ర్యాంకు రాగానే గట్టు వచ్చిందనుకోవడం అపార్థం. నాలుగు సెమిస్టర్లు = రెండేళ్లు. హాజరై = నూటికి 75 పాళ్లు తరగతిలో కనబడి. సూత్రం మొత్తానికి కఠినపదం ఇదే.

'పటం చదివి' అన్నచోట కొంచెం ఆగాలి. పటం చూడటం వేరు, చదవటం వేరు. సర్వే ఆఫ్ ఇండియా వారి పాత టోపోషీట్లలో హైదరాబాద్ 56కె అనే గడిలో పడుతుంది. 1:50,000 స్కేలు, అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. అంబర్‌పేట నుంచి నారాయణగూడ ఐదారు సెంటీమీటర్లే. సాయంత్రం ఆరింటికి ఆ ఐదారు సెంటీమీటర్లు ఎంతసేపు పడతాయో స్కేలు చెప్పదు. కాంటూర్ గీతలు 20 మీటర్లకొకటి. మూసీ వైపు దిగే పల్లం అంతా కలిపి ఒకటి రెండు గీతలకు మించదు. వానలో మూసారాంబాగ్ వంతెన దగ్గర బండి ఆగిపోయినవారికి ఆ గీత విలువ ఏ మాస్టారూ చెప్పనక్కర్లేదు.

నేల తిరిగి = క్షేత్రపర్యటన చేసి, నివేదిక రాసి. పాఠం ఎదురుగానే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచేసింది. ఆ దెబ్బకే పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలిశాయి. ఇప్పుడు అదే నది ఒడ్డున, అంబర్‌పేటలో, రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేయగల కేంద్రం ఉంది. ముక్కు మూసుకోకుండా చేసిన క్షేత్రపర్యటనకు ఎక్కువ మార్కులు వేయాలని వ్యాఖ్యాత అభిప్రాయం. ఉస్మానియా ఆచార్యుడు షా మంజూర్ ఆలం జంటనగరాలనే అధ్యయనవస్తువు చేసుకుని 1965లో పట్టణ భూగోళ గ్రంథం వెలువరించారు. అంశం కోసం అమెజాన్ అడవులదాకా పోనక్కర్లేదనడానికి ఇదే ప్రమాణం.

పూర్వపక్షం: అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బల్లల దగ్గర సివిల్స్ అభ్యర్థులు ఎమ్మెస్సీ లేకుండానే భూగోళం చదువుతున్నారు కదా, మరి ఈ తంటా ఎందుకు? నిజమే. సివిల్స్‌లో ఏ డిగ్రీ ఉన్నా భూగోళాన్ని ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. రెండు పేపర్లు, 500 మార్కులు. రెండో పేపరు మొదటి ప్రశ్నలో భారతదేశ పటం మీద పది చోట్లు గుర్తించి, ఒక్కోదాని ప్రాముఖ్యం క్లుప్తంగా రాస్తే 20 మార్కులు. అయితే అక్కడ చుక్క పెట్టి, పక్కన రెండు ముక్కలు రాస్తే పని తీరిపోతుంది. ఎమ్మెస్సీలో ఆ చుక్క అక్కడే ఎందుకుందో కారణం విడమరిచి రాయాలి. చుక్కకూ కారణానికీ మధ్య దూరం రెండేళ్లని సిద్ధాంతం.

పట్టా = విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం. అంబర్‌పేట వాసులు భూమి పట్టా అని పొరబడే ప్రమాదముంది, పొరబాటూ పూర్తిగా పొరబాటు కాదు. బాగ్ అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మ కుంటను, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్వించి 2025లో మళ్లీ నీళ్లు చూపించింది. కుంట ఎంతవరకు, ఇళ్ల స్థలం ఎక్కడి నుంచి అన్న తగువులో చివరికి అక్కరకొచ్చేవి పాత పటాలు, సర్వే నంబర్లే. మొదటిరకం పట్టా ఉన్నవారికి రెండోరకం పట్టాల దగ్గర పని దొరుకుతుందని దీని ధ్వని.

విశేషం: అధ్యాపకులు కాదలచినవారికి యూజీసీ నెట్ అనే అర్హతపరీక్ష ఒక దారి, అందులో భూగోళానికి సబ్జెక్టు కోడ్ 80. ఎమ్మెస్సీలో 55 శాతం తప్పనిసరి, రిజర్వేషన్ వర్గాలకు 50 చాలు.